ఖాళీ పెట్టడమూ ఒక పనితనమే

ఐఈఎల్‌టీఎస్ రీడింగ్ పేపర్లో మన పిల్లలు బాగా తిట్టుకునే ప్రశ్నల్లో సమ్మరీ కంప్లీషన్ ఒకటి. పాసేజీలో ఒక భాగాన్ని నాలుగైదు వాక్యాల్లోకి కుదించి, మధ్యలో కొన్ని మాటలు తీసేసి ఇస్తారు. వాటిని నింపాలి. పైకి చూస్తే బళ్లో చేసిన ‘ఖాళీలను పూరింపుము’ లాగే ఉంటుంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో దీన్ని గట్టెక్కడానికి చిట్కాలు చెబుతారు, పిల్లలు రాసుకుంటారు. నాకేమో ఆ ప్రశ్నను తయారుచేసిన చెయ్యి మీదే మనసు పోతుంది. దాన్ని ఎలా కట్టారో తెలిస్తే చిట్కాల అవసరం సగం తీరిపోతుంది కూడా.

ఖాళీలు పెట్టి చదువును కొలవడం కొత్త సంగతి కాదు. 1953లో అమెరికాలో విల్సన్ టేలర్ అనే ఆయన ఒక రచనలో ఇన్ని మాటలకొకటి చొప్పున వరసగా కొట్టేసి, పాఠకులు వాటిని ఎంతవరకు నింపగలరో చూసి, ఆ రచన సులువో కష్టమో తేల్చాడు. దాన్నే క్లోజ్ పద్ధతి అంటారు. అందులో ఏ మాట పోవాలో లెక్కే తేలుస్తుంది. వంతు వస్తే ‘ద’ కూడా పోతుంది. ఐఈఎల్‌టీఎస్ సమ్మరీలో అలా కుదరదు. ఏ మాట తీయాలో మనిషి కూర్చుని ఆలోచిస్తాడు. అంతకంటే ముందు పాసేజీ భాగాన్ని తన మాటల్లో తిరగరాస్తాడు. అసలు కష్టం అక్కడే.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. పాసేజీ లైట్‌హౌస్‌ల మీద అనుకోండి. అందులో ఉన్న సంగతి ఇది: పూర్వం దీపం వెనక మెరుగుపెట్టిన రిఫ్లెక్టర్స్ పెట్టేవారు, వెలుతురు చాలావరకు వృథా అయ్యేది. ఒకే ముక్కగా పెద్ద లెన్స్ చేద్దామంటే గ్లాస్ మందానికి వెలుతురు అందులోనే ఇంకిపోతుంది, పైగా అంత హెవీ లెన్స్‌ను ఎత్తి నిలబెట్టలేరు. ఫ్రెనెల్ అనే ఫ్రెంచ్ ఇంజినీరు లెన్స్‌లో అక్కరలేని మందం తీసేసి, ప్రిజమ్స్‌ను ఒకదాని చుట్టూ ఒకటిగా రింగుల్లో అమర్చి మెటల్ ఫ్రేములో బిగించాడు. 1823లో ఫ్రాన్స్‌లోని కోర్డువాన్ లైట్‌హౌస్‌లో దాన్ని మొదటిసారి వెలిగించారు.

దీని మీద సమ్మరీ రాసేవాడు మొదట ‘రింగ్స్ ఆఫ్ డ్యాష్’ అని రాశాడనుకుందాం. తనకు కావలసిన జవాబు ‘ప్రిజమ్స్’. కానీ పాసేజీలో ‘గ్లాస్’ కూడా ఉంది. గాజు రింగులు అన్నా వ్యాకరణం కుదురుతుంది, అర్థమూ తప్పు కాదు. తెలివైన విద్యార్థి ‘గ్లాస్’ రాసి వస్తే మార్కు ఎలా కోస్తారు? అందుకని వాక్యం మారుస్తాడు: ‘ఎ నంబర్ ఆఫ్ డ్యాష్’ను వృత్తాలుగా పేర్చారు, అని. ‘ఎ నంబర్ ఆఫ్’ పక్కన లెక్కపెట్టగలిగిన వస్తువు, అదీ బహువచనంలో, ఉంటేనే నప్పుతుంది. గ్లాస్ బయటికి పోయింది. రిఫ్లెక్టర్స్ బహువచనమే అయినా, పాత పద్ధతి కాబట్టి అర్థం దాన్ని తోసేస్తుంది. ‘రింగ్స్’ అన్న మాట ‘సర్కిల్స్’గా మారింది కనుక, రింగ్స్ కోసం గుడ్డిగా వెతికేవాడికి దారి దొరకదు. ఒక్క చిన్న మార్పుతో ఇన్ని తలుపులు మూసి ఒక్కటే తెరిచి ఉంచాడు. ఈ పనితనమే నాకు ముచ్చట.

గళ్ళనుడికట్టు కూర్చేవాడికి ఇంత భారం ఉండదు. అతను మెలిక పెట్టి తికమక పెట్టినా పాఠకుడు నవ్వుకుంటాడు. ఇక్కడ వీసాలు, సీట్లు జవాబు మీద ఆధారపడి ఉంటాయి. అందుకే ఐఈఎల్‌టీఎస్ ప్రశ్నలను అసలు పరీక్షలో పెట్టకముందే విద్యార్థులకిచ్చి, సరిగా పనిచేస్తున్నాయో లేదో చూసుకుంటారు.

ఇంకో జాగ్రత్త ఉంది. లెన్స్ వెలుతురును ఏం చేస్తుందో మన ఇంటర్ ఎంపీసీ పిల్లలకు పాసేజీ చదవకపోయినా తెలుసు. ఖాళీ అక్కడ పెడితే అది ఫిజిక్స్ పరీక్ష అయిపోతుంది. రిఫ్లెక్టర్స్, మెటల్ లాంటి చోట పెడితే పాసేజీకి వెళ్లక తప్పదు. తమకు తెలిసిన విషయమని సంబరపడి పాసేజీ చూడకుండా నింపేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

ఇంత చూశాక ఎలా చదవాలో దానంతట అదే తేలుతుంది. సమ్మరీకి శీర్షిక ఉంటే ముందు అది చూడాలి, పాసేజీలో ఏ మూలకు పోవాలో అదే చెబుతుంది. సమాధానాలు సాధారణంగా ఒక భాగంలోనే ఉంటాయి, అయితే పాసేజీలోని వరసలోనే రావాలని లేదు. మన ఉదాహరణలో సమ్మరీ 1823తో మొదలై వెనక్కి నడవొచ్చు. తర్వాత ఖాళీకి అటూ ఇటూ ఉన్న మాటలు చూసి, అక్కడ నామవాచకమా, విశేషణమా, ఒకటా, అనేకమా అని తేల్చుకోవాలి. పాసేజీకి వెళ్లడం ఆ తర్వాతే. మాట దొరికాక మార్చకూడదు. పాసేజీలో ‘ప్రిజమ్స్’ ఉంటే చివరి అక్షరంతో సహా అలాగే ఎత్తి రాయాలి. స్పెల్లింగ్ తప్పితే మార్కు లేదు.

రెండు మాటలకు మించకూడదని ఉన్నచోట మూడు రాస్తే, అందులో అసలు జవాబు ఉన్నా సున్నాయే. హైఫన్‌తో కలిసిన మాట ఒక్కటిగానే లెక్క. ఈ నిబంధన చాదస్తంగా కనిపిస్తుంది కానీ, నాకైతే ఇదీ సాయమే అనిపిస్తుంది: ఒక్క మాటే అన్నచోట ‘మెటల్ ఫ్రేమ్’ అని రాయబోయిన చెయ్యి ఆగి, ఖాళీ తర్వాత ‘ఫ్రేమ్’ ముందే ఉందేమో చూస్తుంది. ఇక టైము సంగతి అందరికీ తెలిసిందే: మూడు పాసేజీలు, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. జవాబులు ఎక్కించుకోవడానికి రీడింగ్‌లో విడిగా టైము ఇవ్వరు.

పాసేజీలోంచి మాట తీసుకోకుండా, కింద ఇచ్చిన పెట్టెలోంచి ఎంచుకునే రకం మరొకటి ఉంది. అందులో ఖాళీల కంటే మాటలు ఎక్కువ ఇస్తారు. పాసేజీలో ‘హెవీ’ అని ఉంటే పెట్టెలో ‘వెయిట్’ ఉంటుంది, దాని పక్కనే ‘కాస్ట్’ కూడా ఉంటుంది. ఒకే ముక్క లెన్స్ ఎందుకు పనికిరాలేదంటే మందం వల్ల, ఇంకా దాని డ్యాష్ వల్ల. అంత పెద్ద గాజు లెన్స్ అంటే ఖరీదు ఎక్కువే కదా అనుకున్నవాడు ‘కాస్ట్’ రాస్తాడు. పాసేజీలో డబ్బు ఊసే లేదు. కేవలం లోకజ్ఞానంతో నింపేవాడి కోసమే ఆ మాటను ఏరి అక్కడ పెట్టారు.