బడికి వచ్చిన కూచిపూడి

గత వసంతంలో మా పిల్లలు చదివే మిడిల్ స్కూల్లో మన సంఘం పక్షాన కూచిపూడి ప్రదర్శన జరిగిన సంగతి సభ్యులకు తెలిసిందే. వచ్చినావిడ వృత్తి కళాకారిణి; నాట్యమే జీవనాధారంగా పెట్టుకున్న మనిషి. ఆమె నాట్యంలో లోపాలెంచే అర్హత మాకు లేదు. మేము విమర్శించదలచింది ఆమెను పిలిచిన తీరును. పిలిచినవారిలో మేమూ ఉన్నాం కనుక ఈ విమర్శ ముందుగా మాకే తగులుతుంది.

జిమ్నాజియంలో ఆరువందల మంది పిల్లల్ని నేలమీద కూర్చోబెట్టారు. నలభై నిమిషాలు, ఐదు అంశాలు, రికార్డు చేసిన పాట. "పిల్లలకు విసుగు పుట్టకూడదు, రంగురంగులుగా ఉండాలి" అని కోరింది మనమే. భామాకలాపంలో సత్యభామ ప్రవేశ దరువును నాలుగు నిమిషాలకు కుదించవలసి వచ్చింది. కళ్ళతో అభినయం మొదలవగానే వెనుక వరుసల్లో కిసకిసలు. మా అమ్మాయి తలవంచుకుని కూర్చుందట. చివర తరంగం. ఇత్తడి పళ్ళెం అంచుల మీద పాదాలు నిలవగానే హాలు దద్దరిల్లింది. కాని అవి సర్కస్‌కు కొట్టే చప్పట్లు. నారాయణతీర్థుల పాటకు కొట్టినవి కావు. కూచిపూడిలో నర్తకి స్వయంగా మాట్లాడుతుంది, పాడుతుంది. ఆ వాచికాన్ని మనం పూర్తిగా ఎగరగొట్టాం.

వైద్యులుగా ఇంకొక మాట. సిమెంటు మీద పలుచని రబ్బరు పరిచిన నేలపై వట్టి పాదాలతో అడుగులు వేస్తే ఆ దెబ్బంతా మడమలకు, మోకాళ్ళకు తగులుతుంది. చెక్క వేదిక అడగాలని మాకే తోచలేదు.

అసలు ప్రదర్శన ఆ తరువాత జరిగింది, అదీ పొరపాటున. ఆమెను విమానాశ్రయానికి చేర్చవలసింది మేము. ఆసుపత్రిలో పని తెమలక గంట ఆలస్యమయింది. వెళ్ళి చూస్తే ఆమె ఏడో తరగతి లెక్కల గదిలో ఉన్నారు. నగలు లేవు, ముఖాన రంగు లేదు. పిల్లల్లో సగం మంది చేత "తకిట", మిగతా సగం చేత "తకధిమి" చెప్పిస్తూ బల్లమీద తాళం వేస్తున్నారు. మూడూ నాలుగూ విడిపోయి, పన్నెండు అక్షరాలకు మళ్ళీ కలిసినప్పుడల్లా పిల్లలు కేకలు. "ఐదూ నాలుగూ అయితే?" అని ఒక కుర్రవాడు అడిగాడు. జవాబు ఇంకొక పిల్ల చెప్పింది: ఇరవై. మనం పలక మీద నేర్చుకున్న క.సా.గు. ఇదే!

తరువాత సత్యభామ కథ చెప్పారు. తానే అందగత్తెనన్న గర్వం, కృష్ణుడితో కలహం, చివరికి మాధవి చేతికి లేఖ. పన్నెండేళ్ళ పిల్లలకు అలక గురించి ఒకరు చెప్పాలా? ఈసారి కళ్ళు కదిలినప్పుడు కూడా నవ్వారు, కాని నవ్వవలసిన చోట నవ్వారు. భామ జడ గురించి ఎవరో అడిగితే జవాబు చెప్పింది మా అమ్మాయి. జిమ్నాజియంలో తలవంచుకున్న పిల్లే!

ఇది మనం కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. న్యూయార్కులో 1975లో మొదలైన లింకన్ సెంటర్ ఇన్‌స్టిట్యూట్, కళాకారులూ ఉపాధ్యాయులూ కలిసి తరగతి గదిలో పిల్లల్ని ముందుగా సిద్ధం చేసి, ఆ పైన ప్రదర్శన చూపే పద్ధతి పెట్టింది. మనదేశంలో కిరణ్ సేఠ్ 1977లో స్థాపించిన స్పిక్ మెకే విద్యాలయాల్లో సోదాహరణ ప్రసంగాలకు పేరు తెచ్చింది.

ఖర్చు మాట వస్తుంది. ఆరువందల మందికి ఒక్కరోజులో చూపించామని నివేదికలో రాసుకుంటే బాగానే ఉంటుంది. పాతిక మంది అంటే చిన్నదిగా కనిపిస్తుంది. కాని రోగి ఇంటికి వెళ్ళి మందుసీసా చూపించి వచ్చేస్తే వైద్యం చేసినట్టు అవుతుందా?

కనుక వచ్చే సంవత్సరానికి మా మనవి ఇది. మూడు బడులకు బదులు ఒక్క బడి చాలు. కళాకారిణిని రెండు రోజులు ఉంచుదాం. మొదటి రోజు తరగతి గదులు, రెండో రోజు ప్రదర్శన. రికార్డు పాటకు బదులు ఒక మృదంగం, ఒక గాయకుడు. కాళ్ళకింద చెక్క వేదిక. అంశాలు రెండే అయినా, ముక్కలు చేయకుండా ఆడనిద్దాం. పళ్ళెం కూడా ఉండనివ్వండి. దాని మీద నిలవడానికి ఎన్నేళ్ళు పట్టిందో పిల్లలకు ముందే తెలిసి ఉంటే చాలు.

ఈసారి కారు ఆలస్యం కావడం వల్ల ఒక తరగతి బాగుపడింది. వచ్చేసారి మన ఆలోచన వల్ల బాగుపడాలని కోరిక.