ముందు గడియారాన్ని కొలవాలి

ఆర్‌టెమ్స్ అనే రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ సోర్సులో, కొత్త బోర్డుకి పోర్టు చేసేవాళ్ల కోసం ఒక నమూనా ఫైలు ఉంటుంది. అది బెంచ్‌మార్క్ టైమర్ డ్రైవరు. దాన్ని రాసేవాళ్లు అందులో రెండు స్థిరాంకాలు నింపాలి. టైమర్‌ని మొదలుపెట్టి ఆపడానికే సగటున ఎంత సమయం పోతుందన్నది మొదటిది. ఎంతకంటే తక్కువ వస్తే ఆ విలువను నమ్మకూడదన్నది రెండోది. 1980ల చివర్లో అమెరికా సైన్యపు క్షిపణి విభాగం కోసం మొదలై, ఇప్పుడు అంతరిక్ష నౌకల్లోనూ పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ ఇది. ఆ రెండో స్థిరాంకం చూసినప్పుడల్లా దాన్ని అక్కడ పెట్టినవాళ్ల మీద గౌరవం పెరుగుతుంది. కొలిచే సాధనమే, ఎంతవరకు తన మాట వినొచ్చో ముందుగా చెప్పేస్తోంది.

నేను రాసిన డ్రైవర్లలో నాకు బాగా ఇష్టమైనవి టైమర్లే. డిస్‌ప్లే డ్రైవరు తప్పితే తెర మీద గీతలొస్తాయి, సీరియల్ పోర్టు తప్పితే చెత్త అక్షరాలొస్తాయి. తప్పు జరిగిందని చూడగానే తెలిసిపోతుంది. టైమర్ డ్రైవరు సరిగ్గా పనిచేస్తే ఒక అంకె వస్తుంది, తప్పుగా పనిచేసినా ఒక అంకె వస్తుంది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. తప్పు అంకె కూడా రిపోర్టులోకి ఎక్కి, మీటింగులో తెర మీదికొచ్చి, దాని ఆధారంగా ఏ చిప్ కొనాలో నిర్ణయం కూడా అయిపోతుంది. అందుకే ఈ పనిలో అనుమానం పెద్ద సుగుణం.

అసలు ఏం కొలుస్తాం? 1989లో రవీంద్ర కార్, కెంట్ పోర్టర్ ‘డాక్టర్ డాబ్స్ జర్నల్’లో రీల్‌స్టోన్ అని ఒక కొలమానాన్ని ప్రతిపాదించారు. ఒక టాస్కు నుంచి ఇంకో టాస్కుకి మారడానికి ఎంత పడుతుంది, ఇంటరప్ట్ వచ్చాక దాని కోడు మొదలవడానికి ఎంత, సెమాఫోర్ చేతులు మారడానికి ఎంత, ఇలా ఆరు కొలతలు. ఇవాళ్టికీ దాదాపు అవే కొలుస్తున్నాం. మారినవల్లా ప్రాసెసర్లు. కార్టెక్స్ ఎం4లో, మెమరీ వల్ల ఆలస్యం లేకపోతే, ఇంటరప్ట్ వచ్చిన 12 సైకిళ్లకు హ్యాండ్లరు మొదలవుతుంది. 168 మెగాహెర్ట్జ్ దగ్గర అది 71 నానోసెకన్లు. ఇంత చిన్న దాన్ని కొలిచేటప్పుడు, కొలవడానికి అయ్యే ఖర్చు కూడా దాదాపు అంతే ఉంటుంది.

విద్యార్థుల ప్రాజెక్టుల్లో తరచూ కనిపించే ఎస్‌టీఎం32 ఎఫ్407 చిప్‌నే తీసుకుందాం. దాని కోర్ లోపల 32 బిట్ల సైకిల్ కౌంటరు ఉంది. క్లాకు ఒకసారి కొట్టుకుంటే కౌంటరు ఒకటి పెరుగుతుంది. ఇంతకంటే సన్నని కొలబద్ద ఆ చిప్‌లో లేదు. అయితే అది రీసెట్ తర్వాత తనంతట తాను తిరగదు. ముందు డీబగ్ విభాగంలో ట్రేస్‌ని అనుమతించే బిట్ పెట్టాలి, తర్వాత కౌంటర్‌ని ఆన్ చెయ్యాలి. మొదటి అడుగు మర్చిపోయినా టేబుల్ మీద అంతా బాగానే నడుస్తుంది. ఎందుకంటే డీబగ్గర్ తగిలించగానే ఆ బిట్‌ని డీబగ్గరే పెట్టేస్తుంది. కేబుల్ పీకేసి బోర్డుని ఒంటరిగా నడిపిన రోజున ప్రతి కొలతా సున్నా వస్తుంది. కార్టెక్స్ ఎం7 చిప్‌లు కొన్నిటిలో ఈ విభాగానికి తాళం కూడా ఉంటుంది. ఒక నిర్ణీత సంఖ్య రాస్తేగానీ అది తెరుచుకోదు. ప్రాసెసర్‌ని నిద్రపుచ్చితే సైకిల్ కౌంటరు కూడా దానితోపాటే పడుకుంటుంది. కాబట్టి నిద్ర నుంచి లేవడానికి ఎంతసేపు పట్టిందో దాన్ని అడిగి లాభం లేదు. అందుకు కోర్ బయటి టైమర్ కావాలి. ఇదే చిప్‌లో టిమ్2, టిమ్5 అనేవి 32 బిట్లవి. అవి కూర్చున్న బస్సు వేగం 42 మెగాహెర్ట్జ్ అయినా వాటికందే క్లాకు 84. బస్సు క్లాకుని భాగిస్తే టైమర్లకు రెట్టింపు అందేలా చిప్‌ని కట్టారు. డేటాషీట్‌లో క్లాకుల బొమ్మ ఓపిగ్గా చూడనివాళ్ల అంకెలన్నీ సరిగ్గా రెండింతలు తప్పుతాయి.

డ్రైవరు లేచి నిలబడగానే నేను దానితో ఏమీ కొలవను. మొదలుపెట్టు, ఆపు. మధ్యలో ఏమీ లేదు. ఈ ఖాళీ కొలతనే వేలసార్లు నడిపిస్తాను. నెయ్యి తూచే ముందు ఖాళీ గిన్నెను తూచి ఆ బరువు తీసేసినట్టు, వచ్చిన విలువను తర్వాతి కొలతలన్నిటి నుంచీ తీసెయ్యాలి. గిన్నె బరువు మారదు గానీ ఈ విలువ మారుతుంది. మొదటిసారి ఎక్కువొచ్చి తర్వాత తగ్గుతుంది. ఫ్లాష్ మెమరీ ప్రాసెసర్ వేగాన్ని అందుకోలేదు. 168 మెగాహెర్ట్జ్ దగ్గర, 3.3 వోల్టుల మీద, ఒక్కో చదువుకి 5 వెయిట్ స్టేట్లు ఆగాలి. ఒకసారి నడిచిన కోడు చిప్‌లోని చిన్న కాష్‌లో ఉండిపోతుంది కాబట్టి రెండోసారి త్వరగా అయిపోతుంది. చాలామంది ఆ మొదటి విలువను ‘తేడాగా ఉంది’ అని కొట్టేస్తారు. నాకైతే దాన్ని కొట్టెయ్యడం దారుణమనిపిస్తుంది. అరుదుగా వచ్చే అలారం ఇంటరప్ట్ ఎప్పుడూ మొదటిసారిలాగే నడుస్తుంది. యంత్రం మీద చెయ్యి పెట్టినవాడి ప్రాణం ఆ మొదటి విలువ మీదే ఆధారపడి ఉంటుంది.

కొలత మధ్యలో ప్రింట్ చెయ్యడం ఇంకో పెద్ద సమస్య. సీరియల్ పోర్టు వేగం 1,15,200 బాడ్ అనుకుంటే ఒక్క అక్షరం బయటికి పోవడానికి 87 మైక్రోసెకన్లు పడుతుంది. 168 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కి అది 14 వేల సైకిళ్ల పైమాట. టాస్కు మారే సమయం కొలుస్తూ మధ్యలో ‘ఓకే’ అని రెండక్షరాలు పంపి, అవి పోయేదాకా ఆగితే, కొలుస్తున్నది సీరియల్ పోర్టునే. విలువల్ని వరసగా ఒక ఎర్రేలో దాచుకుని, పరుగంతా అయ్యాకే బయటికి పంపాలి.

ఇక రోలోవర్. 168 మెగాహెర్ట్జ్‌లో 32 బిట్ల కౌంటరు 25 సెకన్లు దాటీదాటగానే నిండి మళ్లీ సున్నాకొస్తుంది. 16 బిట్లదైతే, మైక్రోసెకనుకొకటి లెక్కన నడిపినా, 65 మిల్లీసెకన్లకే. అన్‌సైన్డ్ తీసివేత దీన్ని దానంతటదే సర్దుతుంది. 65,530 దగ్గర మొదలై 4 దగ్గర ఆగితే తేడా 10 అనే వస్తుంది. అయితే సీ భాష 16 బిట్ల విలువల్ని తీసివేసే ముందు వాటిని ఇంట్‌గా పెంచుతుంది. జవాబుని మళ్లీ 16 బిట్లకు కుదించకపోతే మైనస్ 65,526 చేతికొస్తుంది. చిన్న విషయమే గానీ 2015లో బోయింగ్ 787 విషయంలో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఇచ్చిన ఆదేశం ఇలాంటి కౌంటర్ గురించే. కరెంటు ఆపకుండా 248 రోజులు నడిస్తే జనరేటర్ల కంట్రోల్ యూనిట్లలో లోపలి కౌంటరు పొర్లి, విద్యుత్తు మొత్తం పోయే ప్రమాదం ఉందని హెచ్చరించింది. సెకనులో నూరోవంతుల్ని 32 బిట్ల సైన్డ్ సంఖ్యలో లెక్కపెడితే అది నిండేదీ అన్ని రోజులకే. 248 రోజులు కూర్చుని ఎవరు పరీక్షిస్తారు? లైనక్స్ కెర్నల్ వాళ్లు దీనికి చక్కని దారి వెతికారు. జిఫీస్ అనే తమ టిక్కుల కౌంటరును సున్నా నుంచి మొదలుపెట్టరు. బూట్ అయిన ఐదు నిమిషాలకే 32 బిట్లు నిండి తిరగబడేలా వెనక్కి జరిపి పెట్టారు. తప్పు ఉంటే టీ తాగి వచ్చేలోపే బయటపడుతుంది. నా డ్రైవర్లన్నిటిలోనూ, చిప్ ఒప్పుకున్న ప్రతిచోటా, ఇదే పాటిస్తున్నాను.

సాఫ్ట్‌వేర్ లోపల ఎంత జాగ్రత్తపడినా బయటి సాక్షి ఒకరుండాలి. కొలత మొదట్లో ఒక పిన్ పైకి లేపి, చివర్లో దించి, ఆసిలోస్కోపు ప్రోబు దానికి తగిలిస్తాను. తెర మీది పల్సు వెడల్పూ డ్రైవరు చెప్పిన అంకే ఒకదానికొకటి దగ్గరగా లేకపోతే పని అక్కడే ఆపెయ్యాలి. పిన్ లేపడానికి పట్టే సైకిళ్లను కూడా తీసెయ్యాలన్నది వేరే చెప్పక్కర్లేదు.

ఇన్ని చేశాక కూడా జూనియర్లు తెచ్చే రిపోర్టుల్లో ముందు వరుసలో సగటే ఉంటుంది. మిల్లీసెకనుకోసారి తిరిగే మోటార్ కంట్రోల్ లూపు సగటున 40 మైక్రోసెకన్లలో అయిపోతోందంటే వినడానికి బాగానే ఉంటుంది. లక్షసార్లలో ఒక్కసారి అది 1,200 మైక్రోసెకన్లు తీసుకుంటే ఆ ఒక్కసారే మోటారు ఆదేశం లేకుండా తిరుగుతుంది. లైనక్స్‌లో ఆలస్యాన్ని కొలిచే సైక్లిక్‌టెస్ట్ నడిపేవాళ్లు అందుకే గరిష్ఠం గడి మీదే కళ్లు పెడతారు. పక్కనే డిస్కుని, నెట్‌వర్క్‌ని, మెమరీని కావాలని సతాయించే ప్రోగ్రాములు కూడా నడుపుతారు. ఖాళీగా ఉన్న బోర్డు మీద వచ్చిన గరిష్ఠం అసలు గరిష్ఠమే కాదు. నా దగ్గరికొచ్చే ప్రతి రిపోర్టులోనూ గరిష్ఠం పక్కన మూడు విషయాలు రాయమంటాను. ఎన్ని గంటలు నడిపారు, అప్పుడు బోర్డు మీద ఇంకేం నడుస్తోంది, డీబగ్గర్ కేబుల్ ఉందా లేదా. ఇవి లేకుండా వచ్చిన అంకె మీద సంతకం పెట్టను.