ఉగ్గాని పొద్దున, రొట్టె రాత్రి

నంద్యాలలో మంచి తిండి కావాలంటే ముందు గడియారం చూసుకోవాలి. తెల్లవారి ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఉగ్గాని, బజ్జి. ఎండ నెత్తిమీదికొస్తే నన్నారి. దీపాలు పెట్టినాక జొన్నరొట్టె. వేళ తప్పితే అదే సందులో, అదే బండి దగ్గర వేరే ఏదో దొరుకుతుంది. అహోబిలం చూడ్డానికి హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో వచ్చి, హైవే పక్కన పెద్ద హోటల్లో ఇడ్లీ తిని వెళ్ళిపోయేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. నంద్యాల నుంచి అహోబిలం దారిలోని ఆళ్ళగడ్డకు నలభై చిల్లర కిలోమీటర్లు. ఒక పక్క కుందూ నది, ఒక పక్క నల్లమల, నడుమ నల్లరేగడి. ఈ మూడింటి మధ్య పుట్టిన వంట ఎక్కువగా బోర్డు లేని చోట్లే దొరుకుతుంది. బోర్డు లేనప్పుడు మంచి చోటేదో కనిపెట్టేదెట్లా? ఆ తిండి ఎట్లా తయారవుతుందో తెలిస్తే చాలు, బండి దగ్గర ఒక్క నిమిషం నిలబడి చూసినా విషయం అర్థమవుతుంది.

ఉగ్గానికి ప్రాణం బొరుగులు. వడ్లు నానబెట్టి, ఉడకబెట్టి, ఎండబోసి, ఆడించిన బియ్యానికి ఉప్పునీళ్ళు పట్టిస్తారు. ఆ బియ్యాన్ని బట్టీలో కాగిన ఇసుకలో వేస్తే క్షణాల్లో పొంగుతుంది. ముందే ఉడికిన గింజ కాబట్టి లోపలి పిండి గట్టిగా బిగిసి ఉంటుంది. కొద్దిపాటి తేమ ఒక్కసారిగా ఆవిరై తోసేసరికి గింజ పగలకుండా ఉబ్బుతుంది. మంచి బొరుగును వేళ్ళ మధ్య నలిపితే పెళుసుగా విరగాలి, నాలుక మీద సన్నటి ఉప్పదనం తగలాలి. మెత్తగా సాగితే అవి గాలి తగిలి చెడినట్టే.

అసలు పనితనం తడపడంలో ఉంది. బొరుగుల్ని నీళ్ళలో పోసి, చేత్తో ఒకసారి ముంచి, వెంటనే రెండు అరచేతుల మధ్య పిండి తీయాలి. కొంచెం ఎక్కువసేపు నానితే ముద్దవుతాయి, తక్కువైతే గొంతుకు అడ్డం పడతాయి. దీనికి కొలత లేదు. బొరుగు ఎంత పాతదో, ఆ రోజు గాలిలో ఎంత తడి ఉందో చెయ్యే చెప్పాలి. తర్వాత తిరువాత. నూనెలో ఆవాలు, కరివేపాకు, సన్నగా తరిగిన ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయ ముద్ద, పసుపు వేస్తారు. పులుపు కోసం కొందరు టమాటా వేస్తారు, కొందరు చింతపండు, కొందరు దించినాక నిమ్మకాయ పిండుతారు. నా ఓటు చింతపండుకే. టమాటా వేస్తే నీరూరి బొరుగు మళ్ళీ మెత్తబడుతుంది. చివర్న పుట్నాల పొడి చల్లుతారు. దాన్ని అలంకారమనుకుంటే పొరపాటే. మిగిలిన తడిని ఆ పొడి లాగేసుకుని ఏ బొరుగుకా బొరుగు విడిగా నిలబడేట్టు చేస్తుంది.

పక్కన మిరపకాయ బజ్జి ఉండి తీరాలి. కాయను నిలువునా చీల్చి, లోపల వాము, ఉప్పు, చింతపండు కలిపిన ముద్ద పెట్టి, సెనగపిండిలో ముంచి కాలుస్తారు. మెత్తటి ఉగ్గాని ఒక ముద్ద, వేడి బజ్జి ఒక కొరుకు: ఈ రెండూ కలిస్తేనే ఆ రుచి. నంద్యాలలో శ్రీనివాస సెంటర్లో గానీ, గాంధీ చౌక్ దగ్గర గానీ, నూనెపల్లె వైపు గానీ బండి వెతుక్కునేటప్పుడు రెండే చూడండి. బొరుగులు తడిపే బకెట్ బండి పక్కనే ఉందా? కలిపిన ఉగ్గాని గిన్నె చిన్నదా, పెద్దదా? గంపెడు కలిపి పెట్టుకున్న చోట మీకు దక్కేది గంట కిందటి ఉగ్గాని. చిన్న గిన్నెలో మళ్ళీ మళ్ళీ కలిపే చోట నిలబడి వేచి ఉండండి. పార్సిల్ మాత్రం కట్టించుకోవద్దు. పది నిమిషాలు పొట్లంలో ఉంటే ఆవిరికి అంతా పాడవుతుంది.

జొన్నరొట్టె కథ నేలతో మొదలవుతుంది. నల్లరేగడి వానాకాలపు నీటిని లోపల పట్టి ఉంచుకుంటుంది. సెప్టెంబరు, అక్టోబరులో విత్తిన జొన్నకు తర్వాత పెద్దగా వాన పడకపోయినా ఆ లోపలి తేమతో, చలికాలపు మంచుతో పంట చేతికొస్తుంది. ఈ గింజ మీద నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం దశాబ్దాలుగా పనిచేస్తూ ఉంది. 1906లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో మొదలైన కేంద్రం అది. అక్కడ రూపుదిద్దుకున్న తెల్లజొన్న రకాలకు ఎన్‌టీజే అని పేరు, నంద్యాల తెల్లజొన్న అని.

గోధుమపిండిలో ఉండే సాగే గుణం జొన్నపిండికి లేదు. అందుకే మరిగే నీళ్ళు పోసి కలుపుతారు. ఆ వేడికి పిండిలోని గంజి కొంత ఉడికి, విడిపోయే పిండికి పట్టు వస్తుంది. తర్వాత అరచేతి అడుగుతో ఒత్తి ఒత్తి పిసకాలి. పిసకడంలో ఒళ్ళు దాచుకుంటే రొట్టె తట్టేటప్పుడే అంచులు చీలుతాయి. పొడిపిండి చల్లిన పీట మీద ముద్ద పెట్టి, ఒక చెయ్యి తడుతుంటే ఇంకో చెయ్యి అంచు కాపాడుతూ తిప్పుతూ పోతుంది. పెనం మీద పడ్డాక పైభాగానికి తడిచేత్తో నీళ్ళు పూస్తారు. ఆ నీళ్ళతో పైనున్న పొడిపిండి పోతుంది, పై పొర ఎండిపోయి పగలకుండా ఉంటుంది. తిప్పి కాల్చి, చివరికి నేరుగా నిప్పు మీద పెడితే రొట్టె రెండు పొరలుగా పొంగుతుంది. పొంగిందంటే మందం అంతటా ఒకటేనని అర్థం.

పిండి పాతదైతే ఎంత చెయ్యి తిరిగిన మనిషికీ రొట్టె రాదు. నిలవున్న జొన్నపిండి పట్టు పోగొట్టుకుంటుంది, చేదెక్కుతుంది. కాబట్టి రొట్టె అంచు చూడండి. అంచు నునుపుగా ఉంటే రెండు మూడు రోజుల కిందట ఆడించిన పిండి. పగుళ్ళుంటే పక్క బండికి నడవండి. కళ్ళకంటే ముందు చెవులే దారి చూపిస్తాయి. సాయంత్రం ఏడు తర్వాత వీధి మలుపులో చేత్తో తట్టే చప్పుడు వినిపిస్తే అటే పోవాలి. మిషన్‌లో ఒత్తిన రొట్టెకు ఆ చప్పుడు లేదు, ఆ పొంగూ లేదు.

రొట్టె తట్టేవాళ్ళు దాదాపు అందరూ ఆడవాళ్ళే. తల్లి దగ్గర, అత్త దగ్గర నేర్చుకున్న పని ఇది. ఇంట్లో ఎన్ని వందల రొట్టెలు తట్టినా దానికి వెల కట్టినవాళ్ళు లేరు. ఇప్పుడు అదే పని వీధిలో పొయ్యి పెట్టుకుని చేస్తే పిల్లల ఫీజులకు డబ్బవుతోంది. సీమ పట్టణాల్లో గత కొన్నేళ్ళలో నేను చూసిన మార్పుల్లో నాకు అన్నిటికంటే సంతోషమిచ్చింది ఇదే. ఇంకో రూపాయి ఎక్కువడిగితే బేరమాడకండి. పొగలో, వేడిలో మూడు నాలుగు గంటలు కూర్చుని చేసే పని అది.

రొట్టెతో బుడ్డల (వేరుసెనగల) ఊరిబిండి పచ్చడి, పప్పు, గుత్తివంకాయ. వంకాయను తొడిమ ఉంచి నాలుగు పాయలుగా చీల్చి, వేయించిన బుడ్డలు, నువ్వులు, ఎండుకొబ్బరి, ధనియాలు, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు చింతపండుతో కలిపి నూరి కూరుతారు. సన్న సెగ మీద నూనె పైకి తేలేదాకా ఓపిక పట్టాలి. కుందూ ఒడ్డున ఉన్న పోలూరు వంకాయలకు నంద్యాల మార్కెట్లో మంచి పేరు. సీజన్లో అడిగి తీసుకోండి.

ఈ పళ్ళెంలో వరి పెద్దరికం అంత పాతది కాదు. 1863లో తవ్వకం మొదలైన కర్నూలు–కడప కాలువ వరికి దారి వేసింది. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పేద ఇంటి పొయ్యి మీదికీ అన్నాన్ని తెచ్చింది. అది మంచి పనే. ఆకలి తీరడం చిన్న సంగతేమీ కాదు. కాకపోతే అంతకుముందు పొలాల్లో విరివిగా కనిపించిన కొర్ర వెనక్కి పోయింది. దాన్ని పట్టుకుని కూర్చున్నదీ నంద్యాల పరిశోధన స్థానమే. సూర్యనంది, గరుడ, రేనాడు లాంటి కొర్ర రకాలు ఇక్కడివే. ఒకప్పుడు పేదవాళ్ళ కూడు అన్న కొర్రబువ్వ ఇప్పుడు ఆరోగ్యం పేరుతో సన్నబియ్యం కంటే ఎక్కువ ధర పలుకుతోంది. కొనేవాళ్ళు కొనండి, కానీ వండేముందు కొర్రబియ్యాన్ని రెండు గంటలైనా నానబెట్టండి. నానకుండా వండి గొంతు దిగలేదని తిట్టుకునేవాళ్ళు చాలామంది.

నంద్యాల దాటి శిరివెళ్ళ మీదుగా దక్షిణానికి పోతుంటే ఎడమ చేతి వైపు నల్లమల వెంటే వస్తుంది. ఆ అడవి పెట్టేది వేరే రకం తిండి. చలికాలం ముందు గంపల్లో సీతాఫలాలు, చెంచులు తెచ్చే తేనె, నన్నారి వేళ్ళు. వేరును కడిగి, దంచి, లోపలి కట్టెలాంటి నడిమి భాగం తీసేసి, పైబెరడును నీళ్ళలో నానబెట్టి, కాచి, వడకట్టి చక్కెర పాకంలో కలుపుతారు. వాసనంతా బెరడులోనే. దానికి నిమ్మరసం, నానిన సబ్జా గింజలు, సోడా కలిస్తే ఆళ్ళగడ్డ ఎండ కూడా కాసేపు మరిచిపోవచ్చు. అసలు నన్నారి పాకం గోధుమరంగులో ఉంటుంది. సీసాలో ఎర్రగా మెరుస్తుంటే అది రంగు. వేరు తవ్వితే మొక్కే పోతుంది కాబట్టి కొంత వేరు నేలలో వదిలి తవ్వేవాళ్ళ సరుకు కొనడం మన బాధ్యత.

ఆళ్ళగడ్డ చేరేసరికి పొద్దుటి తిండిలో కడప గాలి తగులుతుంది, కారందోసె ఎక్కువవుతుంది. నానిన ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డ, ఉప్పు నూరిన ముద్దను పెనం మీదే దోసెకు రాసి, పైన పుట్నాల పొడి. ఇక్కడి నుంచి అహోబిలం దాదాపు పాతిక కిలోమీటర్లు. కనుమ నాడు మొదలయ్యే పార్వేటలో నరసింహస్వామి నలభై రోజులకు పైగా ఈ చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊళ్ళు తిరుగుతాడు. చెంచులక్ష్మితో తన పెళ్ళికి అందరినీ పిలవడానికి వస్తాడని నమ్మకం. స్వామి వచ్చిన ఊళ్ళో ప్రతి ఇంటికీ చుట్టాలొస్తారు. ఆ రోజుల్లో ఆళ్ళగడ్డ ప్రాంతంలో మీకు ఎరిగిన ఇల్లు ఒక్కటి ఉన్నా హోటల్ మాట ఎత్తకండి. భక్షాలు అక్కడే తినాలి. సెనగపప్పు, బెల్లం ఉడికించి రుబ్బిన పూర్ణం బయటికి కనిపించేంత పలచగా తట్టి కాల్చి, మీద నెయ్యి పోస్తారు.

ఎండాకాలంలో వస్తే పడమరకు బనగానపల్లె దాకా పొండి. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ మామిడికి పల్చటి తొక్క, పీచులేని కండ. కాయ పసుపుగా ఉందని కొనేయకుండా తొడిమ దగ్గర వాసన చూడండి. గడ్డిలో మాగిన పండయితే అక్కడే తియ్యటి వాసన కొడుతుంది. మందుతో మాగబెట్టినదానికి రంగు వస్తుంది గానీ వాసన రాదు, కోస్తే టెంక దగ్గర పుల్లగా గట్టిగా ఉంటుంది. కాస్త దోరగా ఉన్నవి తీసుకుని ఇంట్లో గడ్డి పరిచి నాలుగైదు రోజులు మాగేసుకోవడం మేలు. ఆ రసం పిండి, అందులో వేడి భక్షం ముంచుకుని తినండి.