మాక్సు, మోరిట్సు: ఒక యల్లరి కథ

మా తరగతిలో నొక బాలుడు పాఠ్యపుస్తకము చాటున నుంచుకొని చదువుచున్న బొమ్మల పుస్తకమును మేము లాగుకొంటిమి. పరీక్షించు నెపమున ఇంటికి గొనిపోయి, తుదిదాక చదివి, పలుమారులు నవ్వితిమి. ఉపాధ్యాయుడు దాచుకొనవలసిన సంగతియే యిది!

అది జర్మను కవియు చిత్రకారుడు నగు విల్హెల్ము బుష్ 1865లో వెలువరించిన “మాక్సు, మోరిట్సు” అను కథకు ఇంగ్లీషు అనువాదము. స్నేహితులిద్దరు, వారి యల్లరులు ఏడు, బొమ్మబొమ్మకు అంత్యప్రాసల పద్యపంక్తులు.

ఇట్టి పుస్తకములు పిల్లలను చెరచునని గృహస్థులు మాతో ననుచుందురు. ఆస్ట్రియాలోని స్టైరియా ప్రాంతమున విద్యాధికారులు 1929లో దీనిని పదునెనిమిదేండ్ల లోపువారికి అమ్మరాదనిరి. మాకా భయము లేదు. వంతెనను రంపముతో కోసి దర్జీని ఏటిలో పడవేసిన కథ చదివి, రంపము వెదకబోయిన బాలుని మే మెరుగము. నాల్గవ యల్లరి మా వృత్తివానిపైననే. లెంపెల్ అను పంతులు చర్చిలో వాద్యము వాయించుచుండగా, బాలురు ఆయన యింట దూరి, పొగత్రాగు పైపులో తుపాకిమందు కూరిరి. ఆయన వచ్చి తృప్తిగా నిప్పు ముట్టించెను. మాకు కోపము రావలసినది, నవ్వు వచ్చినది.

ఐనను మేము మిక్కిలి మెచ్చినది రెండవ యల్లరి. బోల్టె యను వితంతువు కోళ్లను వేపుచు, నడుమ నేలమాళిగకు దిగినది. బాలురు కప్పుపైనుండి పొగగొట్టము గుండ గాలము విడిచి కోళ్లను లాగుకొనిరి. ఆమె తిరిగివచ్చి చూడగా పెనము ఖాళీ. దొంగ యెవ్వరని విచారింపలేదు. ఎదుట నున్నది కుక్క, చేత నున్నది గరిటె. ఈ న్యాయమును బెత్తముతో జరుపగా పాఠశాలలలో చూచితిమి. ఒకటిరెండు మారులు మేమే జరిపితిమి.

ముగింపు మాత్రము మాకు మింగుడుపడలేదు. ధాన్యపు సంచులు కోసిన బాలురను రైతు పట్టి, సంచిలో కట్టి, మరకు గొనిపోగా, మరవాడు విసరివేసెను. నేలరాలిన పలుకులు ఇరువురి యాకారముననే పడియున్నవి. బాతులు వానిని తినివేసినవి. ఊరిలో కంటతడి పెట్టినవా డొక్కడు లేడు, అందరును సంతసించిరి. పిల్లలకు మంచి పాఠమని దీనిని మెచ్చువారున్నారు. మేమొప్పము. ఏడు యల్లరులలో బాలురు మనుష్యు నెవ్వని చంపలేదు, చంపినవారు పెద్దలు. బుష్ పరిహాసము ఇచ్చట ఊరిపైననే యని మా తలంపు. కాని దానిని గుర్తింపక, శిక్షకే చప్పట్లు కొట్టు తండ్రులెందరో!

ఈ కథనుండియే ప్రేరణ గొని రుడాల్ఫు డర్క్సు 1897లో న్యూయార్కు పత్రికకై “కాట్జెన్‌జామరు కిడ్సు” అను బొమ్మల వరుసను ప్రారంభించెను. అందు హాన్సు, ఫ్రిట్సులు దెబ్బలు తిందురు. మరల సరికొత్త యల్లరితో వత్తురు. చిత్రమున బుష్ కు సాటిరాకున్నను, ఆ పద్ధతియే మాకు నచ్చినది.

మరునాడు పుస్తకమును బాలునికి తిరిగి యిచ్చితిమి. ఏ యల్లరి బాగున్నదని వాడు భయభయముగా నడిగెను. కుక్క కథ యంటిమి. వాడు కొంతసే పూరకుండి, “ఆ కుక్కకి తరవాత ఎవరైనా అన్నం పెట్టారా మాస్టారూ?” అనెను. పుస్తకమున ఆ సంగతి లేదు.