నియమాల బరువు, నడిపేవారి ముందుపని

బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రను చేపట్టి, మాటలతోనూ పాచికలతోనూ కథను ముందుకు నడిపే ఆటను టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు. వారిలో ఒకరు మాత్రం సొంత పాత్ర తీసుకోకుండా, మిగతా పాత్రలు తిరిగే లోకాన్నీ, అందులో ఎదురయ్యే శత్రువులనూ, దారిలో కనిపించే అంగడివాళ్లనూ తామే పలికిస్తూ, సందేహం వచ్చినచోట నియమం చూసి తీర్పు చెబుతారు. వారినే గేమ్ మాస్టర్ అని పిలుస్తారు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడు చిన్న పుస్తకాలుగా మొదలై, కాలక్రమంలో వందల పుటల గ్రంథాలుగా పెరిగింది. ఆటగాళ్లు ఖాళీ చేతులతో వచ్చినా ఈ ఆట సాగుతుంది గాని, గేమ్ మాస్టర్‌కు ఆ వెసులుబాటు సాధారణంగా ఉండదు. నియమాలు పెరిగినకొద్దీ వారి ముందుపని కూడా పెరుగుతుందని ఆట తెలిసినవారు చాలామంది అనుకుంటారు. ఆ మాటలో నిజం ఉంది, కానీ సగమే.

ఆ సగం నిజానికి 2000లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడో సంచిక మంచి ఉదాహరణ. అందులో శత్రుజీవులను కూడా ఆటగాళ్ల పాత్రలను కట్టే పద్ధతిలోనే కట్టాలి కనుక, ఒక రాక్షసుణ్ణి కాస్త బలవంతుణ్ణి చేయాలనుకున్న గేమ్ మాస్టర్, వాడి ప్రాణబలాన్ని పెంచగానే దాడి లెక్క, మంత్రాలను తట్టుకునే లెక్క, నైపుణ్యాలు, ప్రత్యేక విద్యలు అన్నీ తిరిగి వేసుకోవలసి వచ్చేది. ఇంత శ్రమపడి కట్టిన రాక్షసుణ్ణి ఆటగాళ్లు మూడు నిమిషాల్లో మట్టుబెట్టవచ్చు, లేదా వాడు కాపు కాసిన దారినే వదిలేసి మరో దారి పట్టవచ్చు. ఆ సంచికను రూపొందించిన ముగ్గురు ప్రధాన రచయితల్లో ఒకరైన మాంటీ కుక్, 2013లో తెచ్చిన న్యూమెనెరా అనే ఆటలో శత్రుజీవిని దాదాపు ఒకే అంకెకు కుదించడం గమనించదగినది: స్థాయి 4 అయితే దాన్ని మూడుతో హెచ్చించగా వచ్చే 12ను ఆటగాడు ఇరవై ముఖాల పాచికపై అందుకోవాలి, ఆ జీవి ప్రాణబలం కూడా మామూలుగా 12, దాని దెబ్బ 4. గేమ్ మాస్టర్ అసలు పాచికే వేయనక్కరలేదు.

అయితే నియమాలు దట్టంగా ఉన్నచోటల్లా ప్రతి ప్రదర్శనకూ ముందుపని పెరగాలన్న లెక్క, జనగామ ప్రాంతపు ఒగ్గుకథ దగ్గర నిలవదు. ఒగ్గు అనే డమరుకంతో, డోలు, తాళాల తోడుతో మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల కథలు చెప్పే ఈ కళలో ప్రధాన కథకుడే ఒక క్షణం రాజు, మరుక్షణం గొర్లకాపరి, ఆ వెంటనే బిడ్డ కోసం ఏడ్చే తల్లి అవుతాడు; పక్కనున్న వంతగాడు ప్రశ్నలు వేసి, నవ్వించి, కథను ముందుకు తోస్తాడు. ఏ కొలువులో ఏ కథ చెప్పాలి, రంగుపొడులతో పట్నం అనే ముగ్గు వేసినచోట మల్లన్న పెళ్లి ఘట్టం ఎలా నడవాలి, పాట ఎక్కడ ఆగి మాట ఎక్కడ మొదలవ్వాలి అన్నవన్నీ కట్టుబాట్లే, అవి ఏ ఆటపుస్తకానికీ తీసిపోవు. లింగాల ఘనపూర్ మండలం మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య (1935–2017), ఈ కళతో సంగీత నాటక అకాడమీ పురస్కారం దాకా వెళ్లిన కథకుడు, ఇలాంటి కట్టుబాట్ల మధ్యే పేరు తెచ్చుకున్నారు. ఈ నియమాలు ఏళ్ల తరబడి గురువు వెంట తిరిగి ఒకసారి ఒంటబట్టించుకునేవి. ప్రతి రాత్రికీ కొత్తగా లెక్క కట్టుకోవలసినవి కావు. కోయ సమాజంలోనూ డోలీలు అనే కథాగాయకులు పడిగె అనే త్రికోణపు గుడ్డపై ఉన్న బొమ్మలను ఆధారంగా చేసుకుని వంశాల వేల్పుల కథలు పాడతారు. అక్కడా గుడ్డ మీద ఉన్నది కొద్ది, కంఠంలో ఉన్నది ఎక్కువ.

పోలికకు హద్దు ఉంది. ఒగ్గుకథ వినేవారు మల్లన్న పెళ్లిని ఆపలేరు, ఆటగాళ్లు మాత్రం దేన్నైనా ఆపగలరు. అందుచేత అసలు అడగవలసింది నియమాలు ఎన్ని అన్నది కాదు, వాటి శ్రమ ఎప్పుడు పడాలి అన్నది: నేర్చుకునేటప్పుడు ఒకసారా, ప్రతి వారం ఆటకు ముందా, ఆట నడుస్తుండగా అందరి ఎదుటా?

పాత రోజుల్లో కొత్తగూడ అడవుల మీదుగా ఎడ్లబండ్లపై మేడారం జాతరకు వెళ్లే ఒక బృందం కథను ఆటగా నడపాలనుకుందాం. బరువైన నియమాలున్న ఆటలో గేమ్ మాస్టర్ రోజుకు ఎన్ని మైళ్లు, బండికి ఎంత బరువు, తిండిగింజలు ఎన్నాళ్లకు, రాత్రిపూట పులి ఎదురయ్యే అవకాశం ఎంత, ఎదురైతే దాని బలమెంత అని పట్టికలు రాసుకోవాలి. విన్సెంట్ బేకర్ 2010లో వెలువరించిన అపోకలిప్స్ వరల్డ్ లాంటి ఆటలో ఆ పట్టికలు ఉండవు. రెండు పాచికల మొత్తానికి పాత్ర గుణపు అంకె కలపగా పది గాని అంతకు మించి గాని వస్తే పని నెరవేరుతుంది, ఏడు నుంచి తొమ్మిది వస్తే నెరవేరినా ఏదో ఒక చిక్కు వెంట వస్తుంది, ఆరుకు దిగితే నడిపేవారి చేతికి పగ్గం పోతుంది. కథను ముందే అల్లుకోవద్దని ఆ పుస్తకం గట్టిగా చెబుతుంది. కానీ ఎవరికి ఏం కావాలి, ఎవరూ అడ్డుపడకపోతే ఏం జరుగుతుంది అన్నది మాత్రం నడిపేవారు ఆలోచించి పెట్టుకోవాలి: మొక్కు తీర్చే డబ్బు దాచిన పెద్దమనిషి, వాగు దాటించే పేరుతో కిరాయి పెంచిన బండివాడు. అంకెల పని తగ్గి మనుషుల పని మిగులుతుంది.

తేలికపాటి నియమాలను పొగిడేవారు ఒక సంగతి దాటేస్తుంటారు. పట్టికలో రాసి ఉన్న పులి బలాన్ని ఎవరూ తప్పుపట్టరు గాని, గేమ్ మాస్టర్ అప్పటికప్పుడు ఊహించి చెప్పిన దెబ్బకు పాత్ర చనిపోతే ఆటగాడికి అనుమానం రావడం సహజం. దట్టమైన నియమం నడిపేవారి శ్రమను పెంచుతూనే, పక్షపాతం చూపారన్న నింద నుంచి వారిని కాపాడుతుంది. మూడో సంచిక వెంట 2000లోనే వచ్చిన బహిరంగ లైసెన్సు వల్ల బయటి ప్రచురణకర్తలు కూడా రెడీమేడ్ సాహసకథలు అచ్చువేసి అమ్మగలిగారు. లెక్కలు వేసే తీరిక లేని గేమ్ మాస్టర్‌కు అవి అక్కరకొచ్చాయి. కాకపోతే కొన్న కథను కూడా చదివి, గుర్తుపెట్టుకుని, తన ఆటగాళ్లకు తగినట్టు మార్చుకోవాలి, మార్చిన ప్రతిచోటా పాత లెక్కలు మళ్లీ ముందుకొస్తాయి.