మైకు లేని ప్లాను: విశ్వవిద్యాలయ రంగస్థల రూపకల్పన విద్య, పర్చూరు ప్రాంత పరిషత్తు రంగస్థలం – ఒక విమర్శ

వ్యాససంగ్రహం: మన విశ్వవిద్యాలయాల రంగస్థల కళల శాఖలలో బోధించే రూపకల్పనకు, తెలుగు నాటకం నేటికీ ప్రేక్షకులతో బతుకుతున్న పరిషత్తు వేదికకు మధ్య ఏర్పడిన దూరాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పర్చూరు పరిసరాల నాటిక ప్రదర్శనలు ఇందుకు ఆధారం.

కీలకపదాలు: ఆహార్యం, రంగాలంకరణ, రంగోద్దీపనం, పరిషత్తు నాటిక, పర్చూరు, స్థానం నరసింహారావు.

ఉపోద్ఘాతం

కొన్నేళ్ళ క్రితం ఒక విశ్వవిద్యాలయంలో స్నాతకోత్తర విద్యార్థుల రూపకల్పన ప్రాజెక్టులను చూసే అవకాశం ఈ వ్యాసకర్తకు కలిగింది. పర్చూరు ప్రాంతం నుంచి వచ్చిన ఒక విద్యార్థి, తమ వైపు పోటీలలో ఆడిన ఒక సాంఘిక నాటికకు రంగస్థల నమూనా తయారుచేసి తెచ్చాడు. అట్టముక్కలతో కట్టిన ఇల్లు, అరుగు, వేపచెట్టు కొలత ప్రకారం కుదిరాయి. దీపాల అమరికను వేరే కాగితంపై గీశాడు. లోపం వెతకడం కష్టమనిపించింది. అయితే ఆ నాటిక ఆడే వేదికపై పైనుంచి వేలాడే మైకులు ఉంటాయి. నటులు వాటి కిందికి చేరి మాట్లాడతారు. ప్లానులో అవి లేవు. ఎందుకు లేవని అడిగితే, "మైకు మనది కాదండి, పరిషత్తువారిది" అన్నాడు.

ఆ జవాబులో అమాయకత్వం కంటే శిక్షణ ఎక్కువ కనిపించింది. ఏది రూపకల్పన, ఏది కాదు అన్న సరిహద్దును ఆ విద్యార్థి సొంతంగా గీయలేదు. పాఠ్యప్రణాళిక గీసి ఇచ్చింది. ఆ సరిహద్దు సరైనదేనా అన్నది ఇక్కడి ప్రశ్న.

రెండు పదాల మధ్య

పరిషత్తు బహుమతుల జాబితాలో 'ఉత్తమ రంగాలంకరణ' వేరు, 'ఉత్తమ ఆహార్యం' వేరు. మొదటిది సెట్టుకు, రెండవది వేషానికి, ముఖలేపనానికి. 1998లో మొదలైన నంది నాటకోత్సవాల పరిభాష కూడా దీనికి భిన్నం కాదు. నాట్యశాస్త్రంలో ఈ విభజన లేదు. భరతుడు ఆహార్యాన్ని పుస్తం, అలంకారం, అంగరచన, సంజీవం అని నాలుగుగా చెప్పాడు. కొండలు, రథాలు, గుహలు వంటి నిర్మాణాలన్నీ పుస్తంలోకి వస్తాయి. అంటే నేడు మనం సెట్టు అంటున్నది ఆహార్యంలో మొదటి భాగం. పోణంగి శ్రీరామ అప్పారావు నాట్యశాస్త్రాన్ని తెలుగులోకి తెచ్చి ఆరు దశాబ్దాలు దాటినా, వాడుకలో ఆహార్యం మేకప్ గదికే పరిమితమైంది. సెట్టుకు మిగిలింది 'అలంకరణ' అన్న మాట. అలంకరణ అంటే ఉన్నదానికి అందం చేర్చడం. లేకపోయినా పని జరుగుతుందన్న అర్థం అందులోనే ఉంది. నాటిక రాయడం, నేర్పడం పూర్తయ్యాక చివరి వారంలో సెట్టు గురించి ఆలోచించే అలవాటుకు ఈ మాట తోడ్పడింది.

విశ్వవిద్యాలయం ఈ లోపాన్ని సరిచేయవలసింది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు కళావిభాగం 1988లో ఏర్పడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోను, తెలుగు విశ్వవిద్యాలయంలోను రంగస్థల కళల శాఖలు ఉన్నాయి. వాటి వెనుక ఢిల్లీలో 1959లో స్థాపితమైన జాతీయ నాటక పాఠశాల ప్రభావం ఉంది. ఈ చదువు రూపకల్పనను అలంకరణ స్థాయి నుంచి పైకి లేపిన మాట నిజం. స్థలం, కాంతి, రంగు, పరిమాణం నాటకార్థంలో భాగమని అది నేర్పింది. కాని ఏ స్థలం, ఎవరి కాంతి అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయింది.

ప్లాను, వేదిక

రంగోద్దీపనం పాఠాలలో స్టాన్లీ మెకాండ్లెస్ 1932లో ప్రచురించిన పద్ధతి ప్రధానమైనది. వేదికను నటనా క్షేత్రాలుగా విభజించి, ఒక్కో క్షేత్రంపై రెండు వైపుల నుంచి 45 డిగ్రీల కోణంలో, ఒకటి వెచ్చని వర్ణంలో, మరొకటి చల్లని వర్ణంలో వెలుగు పడేటట్లు అమర్చాలి. ఆరు క్షేత్రాలనుకుంటే పన్నెండు దీపాలు కావాలి. యేల్ విశ్వవిద్యాలయపు రంగశాలలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిలో దోషం లేదు. అది ప్రేక్షకుణ్ణి చీకట్లో, స్థిరమైన దూరంలో కూర్చోబెట్టి, నటుడి ముఖంలోని గుండ్రదనాన్ని చూపడానికి పుట్టింది.

పర్చూరు, మార్టూరు, చిలకలూరిపేట, చీరాల పరిసరాల పోటీ వేదికను దీని పక్కన ఊహించండి. పాఠశాల మైదానంలోనో, మార్కెట్టు ఆవరణలోనో కట్టిన వేదిక. ఒకే రాత్రి రెండు మూడు నాటికలు. ఒక సమాజం సామాను దించుతుంటే ఇంకొకటి ఎక్కిస్తుంటుంది. దీపాలు అందరికీ అవే. నాటిక నాటికకూ కోణం మార్చే వ్యవధి దొరకదు. మైదానంలో పూర్తి చీకటి ఉండదు. టీ దుకాణం, రోడ్డు మీది లారీ, పక్క ఇంటి వరండా బల్బు అన్నీ ఆ దృశ్యంలో భాగాలే. ఇక మైకు. దాని పరిధి దాటితే మాట వినపడదు కనుక నటులు మధ్యకు చేరతారు. వేదిక మూలల్లో ఎంత శ్రద్ధగా కట్టిన అరుగైనా, వంటగదైనా అక్కడ ఎవరూ ఎక్కువసేపు నిలబడరు. సెట్టు వెనక్కి జరిగి మళ్ళీ తెర అవుతుంది. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం ఆంధ్రదేశానికి వచ్చినప్పుడు మనవారు చూసి నేర్చుకున్న చిత్రించిన తెరకు, నేటి ప్లైవుడ్ గోడకు ఈ విషయంలో పెద్ద తేడా కనిపించదు.

కాబట్టి ఈ వేదిక మీద నటుల కదలికను నిర్ణయిస్తున్నది దర్శకుడి కంటే ముందుగా మైకు. అది కంటికి ఆనని చిన్న వస్తువే, అయినా స్థలాన్ని పాలిస్తున్నది. అది పరిషత్తువారిది కావచ్చు. స్థలాన్ని చదవడం మాత్రం రూపకర్త పని.

భరతుడు రెండవ అధ్యాయంలో ఈ సమస్యను నేరుగా ఎదుర్కొన్నాడు. మనుషులకు తగిన విప్రకృష్ట మధ్యమ మండపం 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు ఉండాలన్నాడు. అంతకు మించితే మాట అస్పష్టమవుతుందని, ముఖంలోని భావం కనబడదని కారణం చెప్పాడు. హస్తాన్ని అడుగున్నరగా లెక్కిస్తే ప్రేక్షకభాగం లోతు 48 అడుగులు. మన మైదానంలో చివరి వరుస ప్రేక్షకుడు అంతకంటే చాలా దూరంలో ఉంటాడు. అందుకే మైకు వచ్చింది. మాట అందింది; ముఖం అందలేదు. ఆ దూరాన ఉన్నవారికి అర్థాన్ని అందించే మార్గం భంగిమ, రంగు, వస్తువు, ఎత్తుపల్లాలు. రూపకల్పన అవసరం అక్కడే ఎక్కువ. నాట్యశాస్త్రాన్ని ప్రశ్నపత్రంలో నాలుగు మార్కుల కొలతగా కాక, కారణంతో సహా చదివిస్తే ఆ విద్యార్థి మైకును మరిచిపోయేవాడు కాదు.

పురుగుమందు డబ్బా

ఇదంతా సాంకేతిక విషయమని కొందరు అనవచ్చు. కాదనడానికి ఒక ఉదాహరణ. 1987–88లో తెల్లదోమ ఉధృతికి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలు దెబ్బతిని, అప్పుల్లో కూరుకుపోయిన రైతులు అనేకులు ఆత్మహత్య చేసుకున్నారు. పర్చూరు నల్లరేగడి నేల ఆ పత్తి ప్రాంతంలోదే. అప్పటి నుంచి రైతు ఆత్మహత్య ఈ వైపు నాటికలకు పదేపదే వస్తువైంది. వాటిలో చాలావరకు రైతు ఇంటి ముందుభాగంలోనే జరుగుతాయి. ఎడమవైపు గుమ్మం, కుడివైపు నులకమంచం. చివరి రంగంలో పురుగుమందు డబ్బా, ఎర్రని వెలుగు, వయొలిన్.

ఈ దృశ్యం ప్రేక్షకుడి కంట నీరు పెట్టిస్తుంది. ఆ కన్నీటిని తేలిక చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కాని విత్తనం, ఎరువు, మందు అరువిచ్చి, పంటను ముందే తన పేర రాయించుకొనే కొట్టు వేదిక మీద ఎక్కడా కనిపించదు. అది సంభాషణల్లో వినిపించి పోతుంది. ఎదురుగా కనిపించేది ఇల్లు కనుక, కారణం కూడా ఇంటిలోనే ఉన్నట్టు తోస్తుంది: కూతురి కట్నం, కొడుకు చదువు, తాగుడు. రచయిత అలా రాయకపోయినా సెట్టు అలా చెబుతుంది. కొట్టులోని డబ్బాల వరుసను వేదిక మధ్యలో పెట్టి, ఇంటిని ఒక మంచంతో సూచిస్తే అదే నాటిక మరో వాదన చేస్తుంది. పాఠంలో ఒక్క మాట కూడా మార్చనక్కరలేదు. రూపకల్పన నాటకంపై వ్యాఖ్యానమని తరగతిలో చెప్పే వాక్యానికి పర్చూరులో అర్థం ఇది.

పరిమితులు పెద్ద అడ్డంకి అనే వాదన కూడా నిలవదు. 1959లో ఉత్పల్ దత్ 'అంగార్' నాటకంలో బొగ్గుగని నీట మునిగే దృశ్యాన్ని తాపస్ సేన్ ప్రధానంగా కాంతితో సాధించాడు. 1954లో బహురూపీ ప్రదర్శించిన 'రక్తకరబి'కి ఖాలెద్ చౌధురి రూపకల్పన నేటికీ చర్చలో ఉంది. వీరిద్దరూ నాటక బృందాల్లో పనిచేస్తూ ఎదిగినవారు. జాతీయ నాటక పాఠశాలను నడిపిన అల్కాజీ 1963లో 'అంధాయుగ్'ను ఫిరోజ్ షా కోట్లా శిథిలాల మధ్య ఆడించాడు. స్థలాన్ని ఎంచుకోవడమే ఆ ప్రదర్శనకు సగం రూపకల్పన. అటువంటి సంస్థ నుంచి మనం సిలబస్ తెచ్చుకున్నాం, ఆ ధైర్యాన్ని అంతగా తెచ్చుకోలేదు. మిర్చి కళ్ళాలు, పత్తి జిన్నింగు మిల్లులు ఉన్న ప్రాంతం నుంచి వచ్చిన విద్యార్థి నల్లగోడల గదిలోనే పరీక్ష ఇచ్చి పోతున్నాడు.

దగ్గరలో ఉన్న పాఠం

పర్చూరు ఒకప్పుడు గుంటూరు జిల్లా, తరువాత ప్రకాశం, 2022 నుంచి బాపట్ల జిల్లా. జిల్లా కేంద్రమైన బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు మన రూపకల్పన చదువులో ఎక్కడ ఉన్నారు? నటుల అధ్యాయంలో ఉన్నారు. స్త్రీపాత్రధారిగా, 1956 పద్మశ్రీ గ్రహీతగా ఉన్నారు. సత్యభామకు, చింతామణికి, మధురవాణికి, దేవదేవికి వేరువేరు ఆహార్యాన్ని ఆలోచించి, దాని నుంచి నడకను, చూపును నిర్మించుకున్న రూపకర్తగా మాత్రం లేరు. తన పాత్రానుభవాలను ఆయన 'నటస్థానం'లో రాసుకున్నారు. ఆ పుస్తకాన్ని ఆహార్య గ్రంథంగా చదివించవచ్చు. క్రెయిగ్‌ను, ఆపియాను తీసివేయమని కాదు; వారి పక్కన దీన్ని పెట్టమని.

సురభి విషయం కొంత మెరుగు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబ సంప్రదాయపు తెరలు, తీగల తంత్రాలు పరిశోధకులను ఆకర్షించాయి. బి.వి. కారంత్ వారితో పనిచేసి బ్రెష్ట్ నాటకాన్ని 'బస్తీ దేవత యాదమ్మ'గా మలిచారు. అయినా 'మాయాబజార్' విందులో లడ్డూలు ఘటోత్కచుడి నోటిలోకి ఎగిరి వెళ్ళడాన్ని వింతగా మెచ్చుకున్నంతగా, ఆ తీగను ఎవరు, ఎక్కడ నిలబడి, ఏ మాట దగ్గర లాగుతారో రాసిపెట్టలేదు.

పరిశోధన చేయదగినది

నాటికలపై వచ్చే సిద్ధాంత వ్యాసాలలో ఇతివృత్తం, పాత్రచిత్రణ, సంభాషణ, సందేశం అన్న అధ్యాయాలు పరిపాటి. ప్రదర్శన ఒక అనుబంధం; అందులో బహుమతుల పట్టిక. అచ్చయిన నాటికల్లో రంగసూచన తరచూ 'ఒక మధ్యతరగతి ఇల్లు' అన్న ఒక్క వాక్యమే. సెట్టు ఆ రాత్రే విప్పేస్తారు. అద్దె తెరలు వెనక్కి వెళ్తాయి. దీపాలు వేసినవారి పేరు కరపత్రంలో ఉంటే ఉంటుంది. పదేళ్ళ తరువాత ఆ నాటిక ఎలా కనిపించిందో చెప్పడానికి ఆధారం మిగలదు.

ఇక్కడ పరిషత్తులపై కూడా ఒక మాట అనాలి. న్యాయనిర్ణేతల మార్కులను ఊహించుకొని సెట్టు కట్టడం, కోపానికి ఎరుపు, విషాదానికి నీలం అన్న లెక్కను దాటకపోవడం వారి బలహీనత. విశ్వవిద్యాలయం వెళ్ళి దానికి ముద్ర వేయనక్కరలేదు. కాని 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడిన తెనాలి కూడా ఈ మైదానంలోదే. ఇక్కడ నాటకం చూసే అలవాటు ఇంకా ఉంది. నల్లగోడల గదికి అది లేదు.

పీహెచ్.డి. విద్యార్థి ఒకరు ఒక పోటీల సీజను మొత్తం ఈ వైపు వేదికలను అనుసరించి, ప్రతి నాటికకూ వేదిక కొలత, మైకుల స్థానం, దీపాల సంఖ్య, సెట్టు మార్చడానికి పట్టిన సమయం, చివరి వరుస దూరం రాసుకుంటే చాలు. తెలుగులో రూపకల్పన విమర్శకు మొదటి ఆధారగ్రంథం తయారవుతుంది. దానికి పెద్ద నిధులు అక్కరలేదు. కొలతటేపు, నోటుపుస్తకం, రాత్రి రెండింటి దాకా మేలుకునే ఓపిక కావాలి.

ఆ విద్యార్థి ప్రాజెక్టుకు మంచి మార్కులే వచ్చాయి. నమూనాను శాఖ గదిలో ఉంచమని అడిగితే చోటు లేదన్నారట, ఊరికి పట్టుకుపోయాడు.