సమాన సేవ, అసమాన గడువు: అమెరికా విశ్వవిద్యాలయాల ఉద్యోగ మార్గదర్శనం - తెలుగు విద్యార్థి

వ్యాససంగ్రహం:
అమెరికా విశ్వవిద్యాలయాలలోని ఉద్యోగ మార్గదర్శక కేంద్రాలు విదేశీ విద్యార్థికి తన్ను తాను పరిచయం చేసుకొనే పద్ధతిని నేర్పుతున్నాయి. అతని ఉద్యోగాన్వేషణను శాసించే వీసా గడువుల విషయం మాత్రం వేరొక కార్యాలయం పరిధిలో ఉంటున్నది. ఈ విభజన వలన ఏర్పడిన ఖాళీ తెలుగు విద్యార్థిని ఏ దారిలోకి నెడుతున్నదో పరిశీలించడం, ఆత్మపరిచయ విషయంలో తెలుగు సాహిత్య సంప్రదాయం అందించగల ఆధారాన్ని గుర్తించడం ఈ వ్యాస ఉద్దేశ్యం.

కీలకపదాలు: ఉద్యోగ మార్గదర్శనం, విదేశీ విద్యార్థి, ఓపీటీ, ఆత్మస్తుతి, అవతారిక, కన్సల్టెన్సీ.

1. ఉపోద్ఘాతం:
ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2023-24 విద్యాసంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602. ఆ సంవత్సరమే భారతదేశం చైనాను దాటి మొదటి స్థానానికి చేరింది. ఈ విద్యార్థులలో 97,556 మంది చదువు అనంతరం లభించే ప్రయోగాత్మక శిక్షణ, అంటే ఓపీటీ దశలో ఉన్నారు. ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు తరగతిగదిని దాటి కొలువు దశకు చేరారన్నమాట. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల నుండి వెళ్ళేవారిలో చాలామంది విద్యారుణంతో, మాస్టర్స్ పట్టా కోసం వెళ్తున్న ఇంజనీరింగ్ పట్టభద్రులు. వీరి విషయంలో ఉద్యోగ మార్గదర్శనాన్ని చదువుకు అనుబంధ సౌకర్యంగా భావించడం పొరపాటు. రుణం తీరడం, చట్టబద్ధంగా ఆ దేశంలో నిలవడం రెండూ దానిపైనే ఆధారపడి ఉన్నాయి.

2. రెండు కార్యాలయాలు - ఒకే విద్యార్థి:
చాలా విశ్వవిద్యాలయాలలో ఉద్యోగ మార్గదర్శక కేంద్రం ఒకటి, విదేశీ విద్యార్థుల కార్యాలయం మరొకటి. మొదటిది రెజ్యూమె దిద్దుతుంది, నమూనా ఇంటర్వ్యూలు జరుపుతుంది, కంపెనీలను ప్రాంగణానికి రప్పిస్తుంది. రెండవది వీసా పత్రాలను చూస్తుంది. విద్యార్థి జీవితంలో విడదీయరాని విషయాలు ఇక్కడ రెండు గదులలో ఉన్నాయి.

ఓపీటీ కాలం 12 నెలలు. విజ్ఞానశాస్త్ర, సాంకేతిక, ఇంజనీరింగ్, గణిత రంగాలవారికి మరో 24 నెలల పొడిగింపు ఉంది. దానికి యజమాని ఈ-వెరిఫై వ్యవస్థలో నమోదై ఉండాలి. మొదటి 12 నెలల కాలంలో విద్యార్థి మొత్తం 90 రోజులకు మించి నిరుద్యోగిగా ఉండరాదు. పొడిగింపు పొందినవారికి ఇది మొత్తం 150 రోజులు. స్వదేశీ విద్యార్థి ఆరునెలలు వెదకి మంచి ఉద్యోగాన్ని ఎంచుకోవచ్చు. అదే ఆరునెలలు విదేశీ విద్యార్థిని దేశం విడిచి వెళ్ళేలా చేయవచ్చు. అందరికీ ఒకే సలహా ఇవ్వడం సమానత్వమని కేంద్రాలు భావించవచ్చు. గడువులు అసమానమైనప్పుడు ఒకే సలహా అసమాన ఫలితాన్నే ఇస్తుంది.

కాలపట్టికలోనూ ఇదే లోపం కనిపిస్తుంది. పెద్ద సంస్థలు మరుసటి వేసవి ఇంటర్న్‌షిప్‌లకు ఎంపికలను సెప్టెంబరు, అక్టోబరు నెలలలోనే ఆరంభిస్తాయి. ఆగస్టులో విమానం దిగిన విద్యార్థికి అప్పటికి ఇంటి అద్దె ఒప్పందం, బ్యాంకు ఖాతా వంటి పనులే పూర్తయి ఉండవు. ప్రవేశపత్రం అందిన నాటి నుండి ప్రయాణం నాటి వరకు ఉన్న నెలలలో ఈ సంగతి తెలియజేస్తే అతడు సిద్ధపడి వస్తాడు.

కేంద్రాల సిబ్బంది న్యాయవాదులు కారని, వీసా విషయంలో పొరపాటు సలహా ఇస్తే విద్యార్థికే నష్టమని ఒక సమాధానం ఉంది. అది సహేతుకమే. అయితే న్యాయసలహా వేరు, బహిరంగ సమాచారం వేరు. ఏయే సంస్థలు హెచ్-1బి వీసాకు దరఖాస్తు చేశాయో అమెరికా ప్రభుత్వ దత్తాంశాలలోనే లభిస్తుంది. ఆ వీసాకు సాధారణ వార్షిక పరిమితి 65,000. అమెరికాలో మాస్టర్స్ లేదా అంతకుపై పట్టా పొందినవారికి మరో 20,000. విశ్వవిద్యాలయాలలోని ఉద్యోగాలకు ఈ పరిమితి వర్తించదు. ఈ మూడు విషయాలను రెజ్యూమె తరగతిలో చెప్పడానికి న్యాయశాస్త్ర పట్టా అవసరం లేదు.

3. ఆత్మస్తుతి - ఆత్మపరిచయం:
మార్గదర్శక కేంద్రాలు కోరే భాషలో కర్త స్పష్టంగా ఉండాలి. ఎవరు చేశారు, ఏమి చేశారు, ఎంత ఫలితం వచ్చింది అన్నవి వాక్యంలో కనబడాలి. తెలుగు విద్యార్థి అలవాటు దీనికి భిన్నం. సభలలో, నివేదికలలో ‘చేయడం జరిగింది’ అన్న ప్రయోగం కర్తను మరుగుపరుస్తుంది. ‘మేము చేశాం’ అన్నది వినయాన్ని సూచిస్తుంది. ఈ వాక్యాలే ఆంగ్లంలోకి మారినప్పుడు ఎదుటివారికి అవి అసమర్థతగా తోస్తాయి. దీన్ని విద్యార్థి వ్యక్తిత్వలోపంగా, ఆత్మవిశ్వాసలేమిగా నిర్ధారించే సలహాదారు భాషా సంస్కారాన్ని దోషంగా లెక్కిస్తున్నాడు.

భారత కర్ణపర్వంలో ధర్మరాజును నిందించిన అర్జునుడు పశ్చాత్తాపంతో ప్రాణత్యాగానికి సిద్ధపడగా, ఆత్మస్తుతి ఆత్మహత్యతో సమానమని కృష్ణుడు బోధిస్తాడు. తెలుగు సమాజంలో ఈ భావన సామెత స్థాయికి చేరింది. కాని సంప్రదాయం ఇంతటితో ముగియలేదు. కాశీఖండం అవతారికలో శ్రీనాథుడు ఏ వయసులో ఏ కృతిని రచించాడో వరుసగా చెప్పుకొన్నాడు. బాల్యం నుండి ప్రౌఢవయసు వరకు వయసుకొక కృతి చొప్పున సాగే ఆ పద్యం కాలక్రమంలో, ఆధారసహితంగా ఉన్న ఆత్మపరిచయం. అక్కడ గొప్పను చాటేది విశేషణాలకంటే కృతుల పేర్లే. రెజ్యూమె కోరేది కూడా దీన్నే. పరాయి సంస్కృతి నుండి అరువు తెచ్చుకోవలసిన విద్యగా దీన్ని బోధించనక్కరలేదు. చేసిన పనిని పేరుపెట్టి చెప్పడం ఆత్మస్తుతి కాదని తెలుగు అధ్యాపకుడు అవతారికను బోధించే తరగతిలోనే చెప్పగలడు.

4. ఖాళీలోకి ప్రవేశించినవారు:
90 రోజుల లెక్క నడుస్తుండగా విశ్వవిద్యాలయం మౌనంగా ఉంటే వేరొకరు మాట్లాడతారు. కొన్ని కన్సల్టెన్సీలు విద్యార్థికి లేని అనుభవాన్ని రెజ్యూమెలో చేర్చడం, వేరొకరిచేత ఇంటర్వ్యూ ఇప్పించడం, జీతం లేకుండా ‘బెంచ్’ మీద ఉంచడం తెలుగు కుటుంబాలకు తెలియని సంగతులు కావు. ఈ దారి చూపేవారు తెలుగులో మాట్లాడతారు, రాత్రి పదకొండింటికి ఫోను ఎత్తుతారు, గడువు సంగతి ముందుగా వారే ఎత్తుతారు. మార్గదర్శక కేంద్రం చేయనివి ఈ మూడే.

2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయంపై దాడి జరిగింది. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం ప్రభుత్వమే నిఘా కోసం నెలకొల్పిన నకిలీ సంస్థ అని బయటపడింది. రెండు ఉదంతాలలోనూ పెద్దసంఖ్యలో తెలుగు విద్యార్థులు చిక్కుకొన్నారు. తెలిసి తప్పుచేసినవారి బాధ్యతను ఇక్కడ తగ్గించనక్కరలేదు. అయితే చదువుకంటే పని అనుమతికే విలువ ఏర్పడిన పరిస్థితిని గమనించకుండా విద్యార్థుల అత్యాశను మాత్రమే నిందించడం అసంపూర్ణ విమర్శ.

5. ముగింపు:
అమెరికాలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు స్థానిక విద్యార్థులకంటే విదేశీ విద్యార్థుల నుండి ఎక్కువ రుసుము వసూలు చేస్తున్నాయి. అందుచేత వీరికి ప్రత్యేక సేవను కోరడం దయను అర్థించడం కాదు. ఉద్యోగ మార్గదర్శక కేంద్రం, విదేశీ విద్యార్థుల కార్యాలయం మొదటి నెలలోనే కలిసి ఒక తరగతి నిర్వహించాలి. ఓపీటీ దరఖాస్తును చదువు ముగియడానికి 90 రోజుల ముందునుండే పంపవచ్చన్నది, వీసా ప్రాయోజకత్వం గురించి యజమాని అడిగే ప్రశ్నకు నిజాయితీగా సమాధానమిచ్చే పద్ధతి, ప్రభుత్వ దత్తాంశాలను వెదికే విధానం ఆ తరగతిలో ఉండాలి.

ఇక్కడి అధ్యాపకుల బాధ్యత కూడా తక్కువది కాదు. విద్యార్థే రాసుకొని తెచ్చిన సిఫారసు లేఖపై సంతకం చేసిన ప్రతిసారీ, అతని పనిని అధ్యాపకుడు స్వయంగా పేరుపెట్టి చెప్పే అవకాశం చేజారుతున్నది. చేయని పనిని చేసినట్లు రాసుకొనే అలవాటుకు తొలి అనుమతి కూడా అక్కడే లభిస్తున్నది. ప్రాజెక్టు నివేదికలో ‘చేయడం జరిగింది’ అన్నచోట ఎవరు చేశారని అడిగి రాయించడం చిన్న పని. విద్యార్థి విమానం ఎక్కకముందే, తెలుగునేలమీదనే అది జరగాలి.